కుళాయి జివ్వుమంటే ఊరుకోకండి

స్నానానికి వెళ్ళి కుళాయి తిప్పగానే వేళ్ళు జివ్వుమన్నాయని ఇంట్లో ఎవరైనా చెబితే, మన ఇళ్ళలో సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: "కొంచెం కరెంటు వస్తున్నట్టుంది, రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్ళు." మరికాస్త జాగ్రత్తపరులైతే, "గీజరు ఆపి స్నానం చెయ్యి" అంటారు. ఆ తరువాత ఎవరి పనుల్లో వారు పడతారు. వారం పది రోజుల్లో ఇంట్లో అందరికీ అది అలవాటైపోతుంది. చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం, "ఆ కుళాయి దగ్గర కొంచెం చూసుకోండి" అని హెచ్చరిస్తారు.

ఈ నెల ఈ శీర్షికలో ఆ అలవాటును గురించే మాట్లాడుకుందాం. కుళాయి దగ్గర జివ్వుమన్నదంటే ఇంటి వైరింగులో సాధారణంగా రెండు లోపాలు ఒకేసారి ఉన్నాయని అర్థం. మొదటిది, ఎక్కడో కరెంటు దారి తప్పి లోహానికో నీటికో తగులుతోంది. రెండవది, అలా దారి తప్పిన కరెంటును పట్టుకుని భూమిలోకి పంపవలసిన ఎర్తు పనిచేయడం లేదు. రెండిటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నా మన వేళ్ళకు ఆ సంగతి తెలిసేదే కాదు. ఇక ప్రమాదం జరగడానికి మిగిలింది ఒక్కటే. ఒళ్ళంతా తడిసిన మనిషి ఆ లోహాన్ని గట్టిగా పట్టుకోవడం. స్నానాల గదిలో అది ప్రతిరోజూ జరిగే పనే కదా!

స్నానాల గదిలోనే ఎందుకు?

ఒకప్పుడు మన ఊళ్ళలో స్నానాల గది పెరట్లో ఉండేది. కట్టెల పొయ్యి మీద రాగి కాగులో నీళ్ళు కాగేవి. ఆ గదిలోకి కరెంటు వచ్చే అవసరమే లేదు. ఇప్పుడు స్నానాల గది పడకగదికి ఆనుకుని వచ్చింది. అయిదడుగుల వెడల్పు గదిలోనే గీజరు, గాలి బయటికి పంపే ఫ్యాను, అద్దం మీద దీపం, కొన్ని ఇళ్ళలో బట్టలుతికే యంత్రం కూడా ఉంటున్నాయి. నీరు, కరెంటు, ఒంటిమీద బట్టలేని మనిషి, ఈ మూడూ ఒకేచోట చేరే గది ఇంట్లో ఇంకొకటి లేదు.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులది. పొడిగా ఉన్న చర్మం కరెంటును బాగానే అడ్డుకుంటుంది. తడిసినప్పుడు ఆ అడ్డు చాలావరకు పోతుంది. తడిసిన శరీరం అడ్డగింపు సుమారు 1000 ఓములు అని లెక్క వేసుకుంటే, 230 వోల్టులు తగిలినప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. (వెయ్యి మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియరు.) 60 వాట్ల బల్బు వెలగడానికి దాదాపు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంటే చిన్న బల్బుకు చాలని కరెంటు మాత్రమే.

కాని మనిషికి అది చాలా ఎక్కువ. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు 1940లలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారిమీద పరీక్షలు జరిపారు. చేతిలో తీగ పట్టుకున్న మనిషి ఎంత కరెంటు వరకు తనంతట తాను దాన్ని వదిలించుకోగలడు అన్నది ఆయన ప్రశ్న. పురుషుల్లో సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలలో సగటున 10.5 మిల్లీ ఆంపియర్లు అని తేలింది. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చెయ్యి ఊడిరాదు. "కరెంటు లాగి పట్టుకుంది" అని మనం అనేది దీన్నే. కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొన్ని క్షణాలు నిలిచిందంటే ఊపిరికీ గుండెకూ అపాయం. ఇంకా పెరిగితే గుండె సక్రమంగా కొట్టుకోవడం మాని అదరడం మొదలుపెడుతుంది. చిన్నపిల్లలకు ఈ హద్దులు ఇంకా తక్కువ.

ఇక్కడ మరొక సంగతి గమనించండి. గీజరు లైనుకు సాధారణంగా 16 ఆంపియర్ల ఎం.సి.బి. పెడతారు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం తీసే 230 మిల్లీ ఆంపియర్లు దాని లెక్కలోకే రావు. ఫ్యూజు, ఎం.సి.బి. ఉన్నది తీగలు కాలిపోకుండా కాపాడడానికి. మనిషిని కాపాడే పని వాటిది కాదు. "మా ఇంట్లో మంచి ఎం.సి.బి.లు ఉన్నాయి" అని నిశ్చింతగా ఉండేవారు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

మూడో పిన్ను చేసే పని

మన ప్లగ్గులకు మూడు పిన్నులు ఉంటాయి. ఒకదాంట్లో కరెంటు వస్తుంది, అది ఫేజు. రెండవదాంట్లో తిరిగి వెళుతుంది, అది న్యూట్రలు. మూడవది లావుగా, పొడవుగా పైన ఉంటుంది, అది ఎర్తు. దాన్ని పొడవుగా చేయడానికి కారణం ఉంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అదే ఊడాలి. కరెంటు ఉన్నంతసేపూ రక్షణ ఉండాలన్నదే ఉద్దేశం.

గీజరు లోపల నీళ్ళు కాచే ఎలిమెంటు ఒక లోహపు గొట్టం. దాని నడుమ వేడెక్కే తీగ, తీగకూ గొట్టానికీ మధ్య కరెంటును ఆపే తెల్లని పొడి ఉంటాయి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పునీళ్ళు. కొన్నేళ్ళకు ఎలిమెంటు మీద సున్నంలాంటి తెల్లని పొర గట్టిగా పేరుకుంటుంది. వేడి నీటిలోకి పోలేక గొట్టం లోలోపలే మరీ వేడెక్కి ఒకరోజు చిట్లుతుంది. ఆ చీలికలోంచి నీరు లోపలికి పోయి తీగను తాకుతుంది. అప్పటినుంచి గీజరు డొక్కు, అందులోని నీరు, దానికి తగిలిన లోహపు గొట్టం అన్నీ కరెంటుతో ఉంటాయి. చిత్రమేమిటంటే నీళ్ళు మాత్రం యథాప్రకారం కాగుతూనే ఉంటాయి. అనుమానం రాదు.

ఎర్తు సరిగా ఉంటే ఆ క్షణమే గీజరు డొక్కు మీదికి వచ్చిన కరెంటు మూడో పిన్ను గుండా ఆకుపచ్చ తీగలోకి, అక్కడినుంచి భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే అది ఎదురుచూస్తూ ఉంటుంది. తడి కాళ్ళతో నేలమీద నిలబడి ఎవరు కుళాయి పట్టుకుంటారో వారే దానికి దారి.

మన ఇళ్ళలో ఈ మూడో పిన్నుకు జరిగే అన్యాయాలు అన్నీ ఇన్నీ కావు. పాత రెండు రంధ్రాల సాకెట్టులో పట్టడం లేదని పిన్ను విరిచేస్తారు. తీగ తక్కువ పడిందని రెండు తీగల వైరుతో ముడివేసి పొడిగిస్తారు. అన్నిటికంటే మోసకరమైనది మరొకటి ఉంది. గోడమీద సాకెట్టుకు మూడు రంధ్రాలు చక్కగా కనిపిస్తాయి, విప్పి చూస్తే మూడోదానికి తీగే ఉండదు. గోడ లోపల ఏముందో బయటినుంచి తెలియదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఎర్తు గొయ్యి ఉంటే చాలునా?

చాలా ఊళ్ళలో స్తంభం నుంచి ఇంటికి రెండు తీగలే వస్తాయి. ఎర్తు మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఇంటి పక్కన గొయ్యి తవ్వి, రెండున్నర మీటర్ల పొడవున్న జి.ఐ. గొట్టమో, 60 సెంటీమీటర్ల చదరపు పలకో నిలువుగా దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. గొయ్యి గోడకు కనీసం మీటరున్నర దూరంలో ఉండాలి. తేమ ఉంటేనే అది పనిచేస్తుంది. గోదావరి, కృష్ణ డెల్టాల నల్లరేగడిలో మంచి ఎర్తు సులభంగా దొరుకుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ రాతినేలలు ఉన్నచోట్ల అంత సులభం కాదు. వేసవిలో నేల ఎండిపోతే, వానాకాలంలో బాగున్న ఎర్తు కూడా బలహీనపడుతుంది. అందుకే గొయ్యిలో అప్పుడప్పుడు నీళ్ళు పోయమని పాతవారు చెప్పేవారు. ఇల్లు కట్టిన కొత్తలో పోసి, తరువాత గొయ్యి మీద టైల్సు పరిచేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

గొయ్యి బాగున్నా ఒక చిక్కు ఉంది. చిన్న లెక్క చూడండి. మీ గొయ్యి అడ్డగింపు 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు అడ్డగింపు 5 ఓములు అనుకుందాం. ఇది చెడ్డ ఎర్తు కాదు. గీజరులో లోపం వస్తే మొత్తం 10 ఓముల గుండా 230 వోల్టులు పనిచేసి 23 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 23 ఆంపియర్లకు వెంటనే పడదు. గంట వరకు కూడా పట్టవచ్చు. ఆ గంటసేపూ గీజరు డొక్కు మీద 230లో సగం, అంటే 115 వోల్టులు ఉంటాయి. తడిసిన మనిషికి 115 వోల్టులు చాలు.

కొన్ని కొత్త అపార్టుమెంట్లలో సొంత ట్రాన్స్‌ఫార్మరు నుంచే ప్రత్యేకంగా ఎర్తు పట్టీ పై అంతస్తుల వరకు వస్తుంది. అక్కడ లోపం వస్తే వందల ఆంపియర్లు ప్రవహించి ఎం.సి.బి. ఒక్క క్షణంలో పడిపోతుంది. సొంత గొయ్యి మీద ఆధారపడిన ఇళ్ళకు మాత్రం గొయ్యితోపాటు ఇంకొక కాపలాదారు తప్పనిసరిగా కావాలి.

లెక్క చూసే కాపలాదారు

ఆ కాపలాదారు పేరు ఆర్.సి.సి.బి. పాత అలవాటు చొప్పున మన ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ ఇ.ఎల్.సి.బి. అనే అంటారు. ఇది చేసే పని చాలా సులువైనది. ఫేజులో ఎంత కరెంటు వెళ్ళింది, న్యూట్రలులో ఎంత తిరిగి వచ్చింది అని ప్రతి క్షణం లెక్క చూస్తుంది. వెళ్ళినదీ వచ్చినదీ సమానమైతే ఊరుకుంటుంది. తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో కారిపోతోందన్నమాట. ఆ కారేది గీజరు డొక్కు గుండా కావచ్చు, మన ఒంటి గుండా కావచ్చు. వెంటనే సరఫరా ఆపేస్తుంది.

ఇళ్ళకు కావలసినది 30 మిల్లీ ఆంపియర్లది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపల అది పడిపోవాలి. తేడా ఇంకా ఎక్కువైతే ఇంకా త్వరగా పడుతుంది. కొనేటప్పుడు 30 అన్న అంకె చూసి కొనండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా దుకాణాల్లో ఉంటాయి. అవి అగ్నిప్రమాదాలు వంటివాటికోసం, మనిషి రక్షణకు పనికిరావు.

ఇందాకటి లెక్కనే మళ్ళీ చూడండి. గొయ్యి ఎండిపోయి దాని అడ్డగింపు 100 ఓములకు పెరిగినా 2 ఆంపియర్లకు పైగా, అంటే 2000 మిల్లీ ఆంపియర్లకు పైగా కారుతుంది. 30 దగ్గర పడవలసిన ఆర్.సి.సి.బి.కి అది చాలా ఎక్కువ. అందుకే ఎర్తు, ఆర్.సి.సి.బి. ఒకదానికొకటి తోడు. ఎర్తు తీగ ఉంటే లోపం వచ్చిన క్షణమే, ఎవరూ ముట్టుకోకముందే సరఫరా ఆగిపోతుంది. ఎర్తు తీగ లేకపోతే ఎవరైనా ముట్టుకున్న తరువాతే ఆగుతుంది. బ్రతికి బయటపడే అవకాశం ఎక్కువే, కాని షాకు మాత్రం తగిలే తీరుతుంది.

ఆర్.సి.సి.బి. మీద చిన్న మీట ఉంటుంది, దానిమీద "టి" అనో "టెస్ట్" అనో రాసి ఉంటుంది. నెలకు ఒకసారి దాన్ని నొక్కండి. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి. ఏళ్ళ తరబడి కదలకపోతే లోపలి యంత్రం పట్టేసుకుంటుంది. నెల మొదటి తారీఖున జీతం లెక్క చూసుకున్నట్లే దీన్నీ ఒక అలవాటు చేసుకోవచ్చు. ఒక హెచ్చరిక: ఆ మీట ఆర్.సి.సి.బి.ని మాత్రమే పరీక్షిస్తుంది. మీ గొయ్యి, ఎర్తు తీగ బాగున్నాయో లేదో అది చెప్పదు. అలాగే ఎవరైనా ఒక చేత్తో ఫేజును, ఇంకొక చేత్తో న్యూట్రలును పట్టుకుంటే ఆర్.సి.సి.బి.కి అది మామూలు బల్బులాగే కనిపిస్తుంది. కనుక అది ఉందని నిర్లక్ష్యం పనికిరాదు.

లోహాలన్నిటినీ కలిపి కట్టడం

కరెంటు తీగ మీద కాకి వాలి హాయిగా కూర్చుంటుంది. దానికి ఏమీ కాదు. దాని రెండు కాళ్ళూ ఒకే తీగమీద, ఒకే వోల్టేజి మీద ఉన్నాయి గనుక దాని ఒంట్లోంచి కరెంటు పోవడానికి కారణం లేదు. అదే కాకి రెక్క పక్క తీగకు తగిలితే ఆ క్షణమే పడిపోతుంది. షాకు కొట్టేది వోల్టేజిలోని తేడా.

స్నానాల గదిలో ఒక చేత్తో గీజరు గొట్టం, ఇంకొక చేత్తో చన్నీళ్ళ ఇనుప గొట్టం పట్టుకున్న మనిషి పరిస్థితి ఆ రెక్క చాచిన కాకిది. ఒకటి కరెంటుతో ఉండి, ఇంకొకటి భూమితో కలిసి ఉంటే, రెండిటి మధ్య మనిషి తీగ అవుతాడు. ఇది జరగకుండా ఆ గదిలోని ఇనుప గొట్టాలన్నిటినీ, గీజరు ఎర్తును ఒక రాగి తీగతో ఒకదానికొకటి గట్టిగా బిగించి కలపడాన్ని బాండింగు అంటారు. లోపం వచ్చినా అన్నీ దాదాపు ఒకే వోల్టేజి మీద ఉంటాయి. ఒకటి పట్టుకున్నా రెండు పట్టుకున్నా తేడా ఉండదు.

ఇంగ్లండులో పాత ఇళ్ళలో సాధారణంగా లోహపు గొట్టాలే గనుక స్నానాల గదుల్లో ఈ బాండింగు తప్పనిసరిగా ఉండేది. 2008లో అక్కడి వైరింగు నియమాలను సవరించినప్పుడు, ఆ గదిలోని లైన్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండి, ఇంటిలోకి వచ్చే లోహపు గొట్టాలను మెయిను దగ్గరే ఎర్తుతో సరిగా కలిపి ఉంటే, గదిలో వేరే బాండింగు అక్కరలేదని సడలించారు. అలాగని ఎర్తు వద్దనలేదు.

మన సంగతి ఏమిటి? మీ ఇల్లు పాతదై జి.ఐ. గొట్టాలు ఉంటే బాండింగు ఎంతో మేలు చేస్తుంది. ఇప్పుడు కట్టే ఇళ్ళలో గొట్టాలు ప్లాస్టిక్‌వి. ప్లాస్టిక్ గొట్టం చివర ఉన్న చిన్న కుళాయి దేనికీ కలిసి ఉండదు. దానికి ప్రత్యేకంగా ఎర్తు తీగ చుట్టనక్కరలేదు. చుడితే ఇంకొక చిక్కు కూడా ఉంది. ఇంకెక్కడో లోపమున్న వస్తువును ఒక చేత్తో పట్టుకున్నవారికి ఆ కుళాయి భూమికి దారి చూపుతుంది. గీజరు డొక్కుకు మాత్రం ఎర్తు ఉండి తీరాలి. గొట్టం ప్లాస్టిక్‌దైనా అందులోని నీరు కరెంటును కొంత మోసుకొస్తుంది. సన్నని నీటి ధార దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది గనుకనే చాలా ఇళ్ళలో అది జివ్వుమనడంతో ఆగుతోంది. కాని గీజరుకు దగ్గరగా లోహపు షవరు గొట్టం ఉంటే, నీళ్ళు మరీ ఉప్పగా ఉంటే, ఆ అడ్డు తగ్గిపోతుంది.

చేయకూడని పనులు

నీళ్ళ గొట్టాన్ని ఎర్తుగా వాడకండి. "ఎర్తు లేదు కదా, పంపు గొట్టానికి తీగ చుట్టేద్దాం" అనే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. మధ్యలో ఎక్కడైనా ప్లాస్టిక్ ముక్క వేసి ఉంటే కరెంటు భూమిలోకి పోదు. మీ గీజరులోని లోపం గొట్టం వెంట మీ వంటింటికీ, పక్కవాటా వారి కుళాయికీ పాకుతుంది. మీ లోపానికి వారి పిల్లవాడు బలి కావచ్చు.

సాకెట్టులో న్యూట్రలును, ఎర్తును కలిపి ముడివేయనివ్వకండి. పైకి అంతా పనిచేస్తున్నట్లే ఉంటుంది. ఏ గాలివానకో న్యూట్రలు తీగ తెగిన రోజున గీజరు డొక్కు మీదికి పూర్తి కరెంటు వచ్చి కూర్చుంటుంది.

నీళ్ళు కాచే రాడ్డుతో మరింత జాగ్రత్త. బకెట్టులో రాడ్డు ఉండగా నీళ్ళు కాగాయా లేదా అని వేలు పెట్టి చూడడం మన ఇళ్ళలో తరచుగా ప్రాణాలు తీసే అలవాటు. స్విచ్చి ఆపాలి, ప్లగ్గు ఊడదీయాలి, రాడ్డు బయటికి తీయాలి, ఆ తరువాతే నీళ్ళను ముట్టుకోవాలి. ఇనుప బకెట్టు వాడవద్దు. పిల్లలు తిరిగే చోట రాడ్డు పెట్టి వెళ్ళవద్దు.

గీజరు స్విచ్చి స్నానాల గది బయట ఉండడం మేలు. తడి చేతులకు స్విచ్చిగాని సాకెట్టుగాని అందకూడదు. పొడిగింపు వైరు లోపలికి తీసుకువెళ్ళి బట్టలుతికే యంత్రం నడపడం మానుకోండి. ఛార్జింగులో ఉన్న సెల్‌ఫోను స్నానాల గదిలోకి తీసుకువెళ్ళవద్దు.

స్నానాల గది గోడకు మేకు కొట్టి ఇనుప తీగతో దండెం కట్టే అలవాటు ఉంది. ఆ తీగ సర్వీసు వైరుకు ఒరుసుకుంటే వానాకాలంలో తడి బట్టలు ఆరేసేవారి ప్రాణాలకే ముప్పు. దండేనికి నైలాను తాడు వాడండి.

ఎలక్ట్రీషియన్ను పిలిచి ఏమి అడగాలి?

కుళాయి జివ్వుమన్న రోజునే గీజరు ప్లగ్గు తీసేయండి, లేదా మెయిను ఆపేయండి. పని తెలిసిన, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ను పిలవండి. టెస్టరు పెట్టి "వెలగడం లేదు, ఏమీ లేదు" అని వెళ్ళిపోతే ఒప్పుకోకండి. టెస్టరులోని చిన్న దీపం ఎర్తు బాగుందో లేదో చెప్పలేదు. అతన్ని ఈ పనులు చేయమని అడగండి.

1. గీజరు సాకెట్టు విప్పి ఎర్తు తీగ ఉందో లేదో చూపించమనండి. అది మెయిను బోర్డు దాకా, అక్కడినుంచి గొయ్యి దాకా తెగకుండా ఉందా అని పరీక్షించమనండి.

2. గొయ్యి అడ్డగింపును ఎర్తు టెస్టరుతో కొలిచి ఎన్ని ఓములో చెప్పమనండి. ఆ అంకెను, తారీఖును బోర్డు తలుపు లోపల రాసిపెట్టుకోండి. మళ్ళీ వేసవిలో ఒకసారి కొలిపిస్తే తేడా తెలుస్తుంది.

3. గీజరు ఎలిమెంటును మెగ్గరుతో పరీక్షించమనండి. చెడితే మార్పించండి. ఉప్పునీళ్ళ ఊళ్ళలో రెండేళ్ళకోసారైనా గీజరు విప్పించి శుభ్రం చేయించడం మంచిది.

4. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే పెట్టించండి. దానికి తోడుగా ఎం.సి.బి. ఉండాలి, ఆర్.సి.సి.బి. ఒక్కటే తీగలను కాపాడలేదు.

5. పాత ఇల్లైతే ఇనుప గొట్టాలను బాండింగు చేయడం అవసరమా అని అడగండి.

కొన్ని సందేహాలు

"ఆర్.సి.సి.బి. పెట్టినప్పటినుంచి మాటిమాటికి పడిపోతోంది. ఎలక్ట్రీషియను తీసేద్దామంటున్నాడు." తీయనివ్వకండి. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. ఒక్కొక్క లైనూ ఆపుతూ ఏది ఆపితే నిలుస్తోందో చూస్తే లోపమున్న వస్తువు దొరుకుతుంది. కుక్క మొరుగుతోందని కుక్కను కొట్టి పంపేస్తే దొంగ పోడు కదా!

"మేము అద్దె ఇంట్లో ఉంటున్నాము. ఇవన్నీ ఇంటాయన చేయిస్తాడా?" ముందు అడగండి. ఆయన వాయిదా వేసినా, ఎర్తు సరిచేసేవరకు గీజరు వాడకండి. పొయ్యి మీద నీళ్ళు కాచుకోవడం కష్టమే, కాని అది కొద్దిరోజుల కష్టం.

"కరెంటు పోయినప్పుడు భయం లేదు కదా?" ఇన్వర్టరు ఉన్న ఇంట్లో భయం ఉంది. వీధి కరెంటు లేకపోయినా, మెయిను ఆపినా, ఇన్వర్టరు లైన్లలో అదే వోల్టేజి ఉంటుంది. మరమ్మతు చేసేటప్పుడు ఇన్వర్టరును కూడా ఆపాలి.

"మాది సోలారు హీటరు." మేడమీది ట్యాంకులో మబ్బు రోజుల కోసం కరెంటు ఎలిమెంటు ఉందేమో చూడండి. ఉంటే గీజరుకు చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

షాకు తగిలినప్పుడు

ఎవరైనా స్నానాల గదిలో పడిపోయి కనిపిస్తే పరుగెత్తుకువెళ్ళి పట్టుకోకండి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్ళు ఉన్నాయి. మొదట మెయిను ఆపండి. ఆపడం వీలుకాకపోతే పొడిగా ఉన్న చోట నిలబడి, ఎండు కర్రతో మనిషిని తప్పించండి. ఎవరినైనా 108కి ఫోను చేయమనండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు దిగేట్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. సహాయం వచ్చేదాకా ఆపకండి. లేచి కూర్చుని "బాగానే ఉన్నాను" అన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళి గుండె పరీక్ష చేయించండి.

ఈ పనులన్నిటికీ అయ్యే ఖర్చు ఇంట్లో ఒక పండుగకు కొనే బట్టల ఖర్చుకు మించదు. ఆర్.సి.సి.బి. ఒకసారి పెడితే చాలా ఏళ్ళు కాపలా కాస్తుంది. ఎర్తు తీగ గోడలో కనిపించకుండా ఉంటుంది గనుక దాన్ని గురించి మనకు గుర్తురాదు. కొత్త టైల్సు, కొత్త షవరు చూసి మెచ్చుకునే చుట్టాలు కూడా ఎర్తు గొయ్యిని చూపించమని అడగరు. దాన్ని అడిగి చూడవలసినవారు ఇంటివారే.

మీ ఇంటితోపాటు మీరు ఉమ్మడిగా వాడే చోట్లను కూడా గుర్తుంచుకోండి. మందిరం ఆవరణలోని స్నానాల గదులు, పిల్లల హాస్టళ్ళు, ఊరినుంచి వచ్చినవారు దిగే గదులు ఎవరి సొంతమూ కావు గనుక వాటి ఎర్తు సంగతి ఎవరికీ పట్టదు. రేపు పొద్దున మీ ఇంట్లో మెయిను బోర్డు తలుపు తీసి ఆర్.సి.సి.బి. ఉందో లేదో చూడండి. ఉంటే ఆ చిన్న మీట నొక్కండి. లేకపోతే ఎలక్ట్రీషియనుకు కబురు పెట్టండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా, ఈ అయిదు నిమిషాల పని ముందే చేసుకోవడం మేలు.